‘ఏటంట?’ అని అడగండి

మధ్యాహ్న భోజనాలయ్యాక వరండాలో నాలుగో తరగతి పాప ఒకతి కూర్చుని ముందు రాత్రి వాళ్ళ నాన్న వేట నుంచి తిరిగొచ్చిన వైనం చెబుతోంది. డీజిల్ అయిపోవచ్చిందని మొదలుపెట్టి, బాబాయి కేకలు, టార్చిలైటు, ఒడ్డున కుక్కలు, అమ్మ ఏడవడం దాకా ఒక్కటీ వదల్లేదు. చుట్టూ అయిదారుగురు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. కుళాయి దగ్గర కంచం కడుక్కుని ఆలస్యంగా వచ్చిన పిల్లాడొకడు ‘ఏటంట?’ అన్నాడు. పక్కనున్న అమ్మాయి తల తిప్పకుండానే చెప్పేసింది: ‘ఆల నాన వల తెగిపోనాదంట. వంజరాలన్నీ ఎల్లిపోనాయంట.’ వాడికి సంగతి అర్థమైపోయింది. కూర్చుని మిగతాది విన్నాడు.

గంట కొట్టాక తరగతిలో అదే అమ్మాయి చేత ఆరు వాక్యాల పేరా చదివించి, ‘ఈ పేరాలోని ముఖ్యాంశం ఏమిటి?’ అని అడిగాను. మొదటి వాక్యం మీద వేలు పెట్టి చదివేసింది. ‘అది కాదమ్మా’ అంటే రెండో వాక్యం చదివింది. నా మొహం చూసి మూడోది అందుకుంది.

జాలరిపేట లాంటి చోట ప్రాథమిక బడిలో కొత్తగా చేరిన ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)లకు, సాయంత్రం పూట పేటలో ట్యూషన్లు చెప్పే డిగ్రీ పిల్లలకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు సంఘటనల మధ్యే ఉంది. పది నిమిషాల కథను రెండు ముక్కల్లోకి దించడం ఆ పిల్లకు వచ్చు. ఇంట్లో, ఒడ్డున, హార్బర్లో వేలంపాట దగ్గర రోజూ చేస్తున్న పనే అది. పాట ముగిశాక తట్ట ఎత్తుకుని వచ్చే తల్లి గంటసేపు జరిగిన బేరమంతా ఏకరువు పెట్టదు. ‘ఇయ్యాల రేటు నేదు’ అంటుంది, అంతే. ఆ నేర్పు బడి గుమ్మం దగ్గరే ఆగిపోతోందంటే లోపం మనం అడిగే తీరులో ఉంది. ‘ముఖ్యాంశం’ అనగానే పిల్లకు అది పుస్తకంలో ఎక్కడో దాక్కున్న వాక్యంలా కనిపిస్తుంది. వెతికి వేలు పెట్టడమే తన పని అనుకుంటుంది. ‘ఏటంట?’ అంటే మాత్రం తాను చెప్పాల్సిన మాట అని తెలుసు.

మన భాషలోని ఈ ‘అంట’ను చిన్నచూపు చూడకండి. ఒకరు చెప్పినదాన్ని మన నోటితో ఇంకొకరికి చేరవేసేటప్పుడు వాక్యం చివర తగిలించే మాట అది. అది తగిలిందంటే పిల్ల విన్నదాన్ని తనలోకి తీసుకుని, తన మాటగా బయటికి పంపుతోందని అర్థం. పైగా పుస్తకంలోని వాక్యానికి అది ఊరికే అతకదు. ‘వేటను నిషేధించడం జరుగుతుంది’ అన్నదానికి అంట తగిలించి పైకి అనమనండి. పిల్లలకు నవ్వొస్తుంది. అది కుదరక ‘ఏట ఆపేస్తారంట’ అని మార్చుకుంటారు. ఆ మార్చుకోవడంలోనే అర్థం చేసుకోవడం జరిగిపోతుంది. అందుకే నా తరగతిలో ఒకటే నిబంధన: జవాబు చివర ‘అంట’ ఉండాలి, పుస్తకంలోని వాక్యం ఉన్నదున్నట్టు ఉండకూడదు.

పేట మాటను తరగతిలోకి రానిస్తే పిల్లల భాష చెడుతుందేమోనని కొత్త టీచర్లు జంకుతారు. ఈ జంకుకు జవాబు మన ప్రాంతంలోనే, నూరేళ్ళకు పైగా వెనక, దొరికింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో ఇక్కడి బడులను తనిఖీ చేసే జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లిషు అధికారికి, పిల్లలు మాట్లాడే తెలుగుకూ బడిలో చెప్పే తెలుగుకూ ఇంత ఎడం ఎందుకుందన్న సందేహం వచ్చింది. విశాఖ మిసెస్ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను పట్టుకున్నారు. వ్యావహారిక భాషోద్యమం అలా బడి ప్రశ్నగానే రాజుకుంది. ఏటా గిడుగు పుట్టినరోజైన ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, ఆయన పటానికి దండ వేస్తాం. ఆ రోజు తరగతిలో ‘ఏటంట’ అన్న పిల్లను సరిదిద్దితే ఆ దండ ఎందుకు?

ఇక పాఠం ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. ఈ పేరా నేనే రాసి బల్ల మీద పెట్టుకున్నది. మీరూ ఇలాంటివి అయిదారు రాసిపెట్టుకోండి.

‘ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలతో చేపల వేట ఆపేస్తారు. ఈ 61 రోజులు బోట్లు హార్బర్లోనే ఉంటాయి. చాలా రకాల చేపలు గుడ్లు పెట్టే కాలం ఇది. అప్పుడు వాటిని పట్టేస్తే మరుసటి ఏడాదికి చేపలు తగ్గిపోతాయి. పని లేని ఈ రోజులకు మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం కొంత సాయం చేస్తుంది. మత్స్యకారులు ఈ రెండు నెలలూ వలలు బాగుచేసుకుంటారు, బోట్లకు రంగులు వేసుకుంటారు.’

మొదటి ప్రశ్న: ‘ఇది దేని గురించి?’ అందరూ ఒక్కసారిగా ‘సేపలు!’ అంటారు. ఒకడు ‘ఏట’ అంటాడు, ఇంకొకరు ‘ఏట ఆపీడం’ అంటారు. మూడోదాన్ని బోర్డు మీద రాయండి. మొదటి రెండూ ఎందుకు చాలవో వాళ్ళనే అడగండి. ‘సేపలంటే కూర గురించి కూడా అవ్వొచ్చు’ అని ఒక పిల్ల అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

రెండో ప్రశ్న: ‘ఏట ఆపడం గురించి ఏటంట?’ ఇక్కడ తొందరపడకండి. ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగడమే ఈ పాఠానికి ప్రాణం. దేని గురించో చెప్పడం విషయం. దాని గురించి ఏమంటున్నారో చెబితేనే ముఖ్యాంశం. ‘శీర్షిక పెట్టండి’ అనే అభ్యాసాలు పిల్లల్ని మొదటి మెట్టు మీదే నిలబెట్టేస్తాయి. ‘చేపల వేట’ అని రాస్తే మార్కు పడుతుంది, అక్కడితో సరి.

రెండో ప్రశ్నకు నా తరగతిలో వచ్చిన జవాబులు దాదాపు ఏటా ఇవే. ‘61 రోజులంట.’ అంకె కనబడితే పిల్లలు వదలరు, ఎందుకంటే పరీక్షలో ఎప్పుడూ ‘ఎన్ని, ఎప్పుడు, ఎవరు’ అనే అడుగుతాం. ‘వలలు కుట్టుకుంటారంట.’ ఆ పిల్లాడి ఇంటి ముందు కనబడేది అదే మరి. ‘ఇరవై వేలు ఇస్తారంట.’ ఈ జవాబు దగ్గర కాసేపు ఆగాలి. మత్స్యకార భరోసా పథకం కింద 2019 నుంచి పది వేలు ఇచ్చేవారు, 2025లో దాన్ని ఇరవై వేలు చేశారు. పిల్ల చెప్పింది నిజమే. కానీ పేరాలో ఆ అంకె లేదు. ‘నీకు తెలుసు, బాగుంది. మరి ఇందులో ఉందా?’ అని అడగండి. కాగితం చెప్పింది వేరు, నాకు తెలిసింది వేరు అని ఒకటికి రెండుసార్లు విడదీసి చూపిస్తే చాలు. పిల్ల చిన్నబుచ్చుకోకూడదు. తనకు తెలిసిన సంగతిని బోర్డుకు ఒక మూల రాసి ఉంచండి.

అప్పుడు చెరిపే ఆట మొదలుపెట్టండి. పేరాను ఆరు చీటీల మీద రాసి, ఆరుగురి చేత పట్టించి వరసగా నిలబెట్టండి. ‘వీళ్ళలో ఎవరు వెళ్ళిపోయినా సంగతి తెలుస్తుంది?’ రంగులు, వలల చీటీ ముందు కూర్చుంటుంది. తర్వాత బోట్ల చీటీ. సాయం చీటీ దగ్గర గొడవ పడతారు, పడనివ్వండి. గుడ్ల చీటీని కూర్చోబెడదామని ఒకడంటే ఇంకొకరు ఒప్పుకోరు: ‘మరి ఎందుకు ఆపినారో తెలీదు కదా!’ చివరికి ముగ్గురు మిగులుతారు. ఆ ముగ్గురి మాటలూ కలిపి ఒక్క ‘అంట’లో చెప్పమనండి. ఒకసారి వచ్చిన జవాబు ఇది: ‘గుడ్లెట్టే టైములో సేపల్ని ఒగ్గీమంటారంట, నేకపోతే మరేడాదికి ఉండవంట.’ పేరాలో ఈ వాక్యం ఎక్కడా లేదు. పేరా మొత్తం ఇందులో ఉంది.

చిన్న పిల్లలకు ఇది కష్టమని తెలిసే చెబుతున్నాను. అమెరికాలో ఆన్ బ్రౌన్, జీన్ డే అనే పరిశోధకులు 1983లో ప్రచురించిన అధ్యయనంలో, అయిదో తరగతి వాళ్ళు అక్కర్లేని వాక్యాలు వదిలేసి మిగిలినవి ఎత్తి రాయడం వరకు చేయగలిగారు. పేరాలో లేని వాక్యాన్ని సొంతంగా కట్టడం కాలేజీ విద్యార్థులకు కూడా పూర్తిగా పట్టుబడలేదు. కాబట్టి ఒక నెలలో రాలేదని పిల్లల మీద కోప్పడకండి. రాతలో అంత కష్టమైన ఆ పనినే నోటితో ఎంత తేలిగ్గా చేస్తారో వరండాలో చూశాం. రాతకు ముందు మాట ఎందుకు కావాలంటే అందుకే.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ళు పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసేసి నోట్సులోకి ఎక్కించేదాన్ని. పరీక్షల్లో నా తరగతికి మంచి మార్కులే వచ్చేవి. ఒకరోజు పేపర్లోంచి నాలుగు వాక్యాల చిన్న వార్త కత్తిరించి తెచ్చి చదివిస్తే, అదేమిటో చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళు జవాబు నేను బోర్డు మీద రాస్తానని ఎదురుచూస్తూ కూర్చున్నారు. పెన్సిళ్ళు చెక్కుకుని సిద్ధంగా ఉన్నారు కూడా. ఆ రోజు ఇంటికి వెళ్ళాక అన్నం సహించలేదు.

ముఖ్యాంశానికి మన పిల్లల దగ్గర ఇంకో పెద్ద చిక్కు ‘నీతి’. చిన్నప్పటి నుంచి ప్రతి కథ చివరా ‘ఈ కథలోని నీతి’ విని విని, ఏది చదివించినా ‘మనం ప్రకృతిని కాపాడుకోవాలి’, ‘మనం కష్టపడాలి’ అంటారు. వేట నిషేధం పేరా చదివి కూడా అదే అంటారు. వినడానికి బాగుంటుంది కాబట్టి టీచర్లు ‘వెరీ గుడ్’ అనేస్తారు. అనొద్దు. ‘అది నువ్వంటున్నావా, ఇదంటోందా?’ అని అడగండి. ‘కాపాడుకోవాలంట’ అని అనిపించి చూడండి. ఆ మాట పేరాలో ఎవరన్నారని పిల్లలే ఒకరినొకరు నిలదీస్తారు. నీతిని వేరే రోజు మాట్లాడుకోవచ్చు.

ముఖ్యాంశం ఎప్పుడూ మొదటి వాక్యంలోనే ఉంటుందన్న నమ్మకాన్ని పోగొట్టడానికి వాతావరణ హెచ్చరికను మించిన పాఠం లేదు. పిల్లలందరూ విన్నదే: బంగాళాఖాతంలో అల్పపీడనం, అది వాయుగుండంగా బలపడే అవకాశం, తీరం వెంబడి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో గాలులు, అలజడిగా సముద్రం. చివరికి వస్తుంది అసలు మాట, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని. ఇలాంటి పేరా ఒకటి రాసి చదివి వినిపించి, ‘మీ నానకు ఫోన్లో ఒక్క మాటే చెప్పే టైముంది, ఏం చెప్తావు?’ అని అడగండి. అల్పపీడనం అనే మాటను ఒక్కరూ ఎత్తరు. ‘గాలొస్తాదంట, ఎల్లొద్దంట.’ కారణం, ఫలితం రెండూ వచ్చేశాయి.

అక్కడి నుంచి పోర్టు దగ్గరికి తీసుకెళ్ళండి. తుపాను సమయంలో ‘మూడో నంబరు జెండా ఎగరేశారు’ అనుకోవడం పిల్లలు వినే ఉంటారు. 1 నుంచి 11 వరకు ఉండే ఆ ప్రమాద సూచికలను పగలు శంకువుల్లా, స్తంభాల్లా ఉండే గుర్తులతో, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలతో చూపించడం పద్ధతి. తుపాను హెచ్చరికల కేంద్రం వాళ్ళు కట్టలు కట్టలు లెక్కలు చూసి చెప్పిందంతా సముద్రం మీద ఉన్నవాడికి ఒక్క గుర్తుగా అందుతుంది. నేనైతే ఆ తర్వాత ప్రతి పాఠానికీ ‘దీనికి జెండా ఏది ఎగరేద్దాం?’ అని అడిగేదాన్ని. మా తరగతిలో ముఖ్యాంశానికి జెండా అనే పేరు స్థిరపడిపోయింది.

సముద్రం గురించిన పేరాలతోనే ఎందుకు మొదలుపెట్టమంటున్నానంటే దానికో బలమైన ఆధారం ఉంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 64 మంది ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత బేస్‌బాల్ ఆట గురించి చదివించారు. చదువులో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసినవాళ్ళు, బాగా చదవగలిగినా ఆట తెలియనివాళ్ళకంటే మెరుగ్గా సంగతి చెప్పగలిగారు. జాలరిపేట పిల్ల ‘చదువు రాదు’ అనిపించుకునేది చాలాసార్లు రైలు ప్రయాణం మీదో, వరి కోతల మీదో పేరా ఇచ్చినప్పుడు. వల మీద ఇచ్చి చూడండి. అయితే అక్కడే ఉండిపోకూడదు. ఆగస్టు వచ్చేసరికి పరిచయం లేని విషయాల్లోకి నడవాలి. అప్పుడు చదివించే ముందు అయిదు నిమిషాలు ఆ విషయం మాట్లాడండి. వరి కోతల పేరా ఇచ్చే ముందు ఒక వరి కంకి చూపించండి. కంకి ఎలా ఉంటుందో తెలియని పిల్లను కోతల గురించి ఏటంట అని అడగడం అన్యాయం.

ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లల సంగతి వేరు. గుణింతం దగ్గరో, ఒత్తుల దగ్గరో తడబడే పిల్ల వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. ఆ పిల్లను ముఖ్యాంశం అడిగితే దొరికేది మౌనమే. పిల్లల చదువు స్థాయిని కొలిచే ఏసర్ సర్వే 2005 నుంచి వాడుతున్న పద్ధతిలో అక్షరం, పదం, పేరా, కథ అని పిల్లల స్థాయి చూసుకోండి. పది నిమిషాల పని. పేరా దాకా రానివాళ్ళకు మీరు చదివి వినిపించి ‘ఏటంట?’ అడగండి. సారం పట్టే నేర్పు చెవితో పెరుగుతూ ఉంటుంది, చదివే నేర్పు వేరే గంటలో వెనకే వస్తుంది. రెండూ కలిసేదాకా ఆగక్కర్లేదు. మూడో తరగతి చివరికల్లా పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవాలని 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం పెట్టుకుంది. మీ దగ్గరికి నాలుగో తరగతికి వచ్చే పిల్లల్లో ఆ గీత దాటనివాళ్ళు ఉంటారు. వాళ్ళను వెనక బెంచీకి పంపకండి.

ఇంగ్లిషు పాఠానికి కూడా ఇదే దారి. మన పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిషు ఉన్నాయి కదా. ఇంగ్లిషు పేజీ చదివించి జెండా మాత్రం తెలుగులో అడగండి. సంగతి చేతికి చిక్కాక దాన్ని ఇంగ్లిషులో ఒక వాక్యంగా పెట్టడం పదాల సమస్య. అది ఓపికతో తీరుతుంది.

ఇంటిపని కూడా ఇలాగే ఇవ్వండి. తల్లికి చదువు రాకపోయినా ఈ పనిలో తోడు రాగలదు. ‘పాఠం అమ్మకు ఒక్క మాటలో చెప్పు. అమ్మ ఏం అడిగిందో రాసుకురా.’ తల్లి ‘ఎందుకంట?’ అని అడిగిందంటే పిల్ల కారణం వదిలేసిందన్నమాట. ‘ఎవులంట?’ అంటే మనిషి తప్పిపోయాడు. ‘అవునా’ అని ఊరుకుందంటే సంగతి అందింది. చేపలు అమ్ముకుని అలిసి వచ్చిన తల్లి చేసిన ఆ ఒక్క ప్రశ్న, మీరు ఎర్రసిరాతో చేసే దిద్దుబాటు కన్నా ఎక్కువ నేర్పుతుంది. తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట వాళ్ళకే చెప్పండి. ‘మాకు సదువు రాదు టీచరూ’ అని తలదించుకునేవాళ్ళు తలెత్తి చూస్తారు.

వారానికి మూడు రోజులు, రోజుకు పావుగంట చాలు. పొద్దున్న మొదటి గంటలో పెట్టకండి. బోట్లు వచ్చే రోజుల్లో కొందరు పిల్లలు ఒడ్డు నుంచి ఆలస్యంగా వస్తారు, వాళ్ళకే ఇది తప్పిపోతుంది. బడులు తెరిచే రోజులూ నిషేధం ముగిసి బోట్లు కదిలే రోజులూ జూన్ నడిమధ్యన ఒకేసారి వస్తాయి. ఆ వారం తరగతి పలచబడుతుంది. రాని పిల్లలను తిట్టే బదులు, వచ్చిన రోజున ‘ఒడ్డున ఏటంట?’ అని అడిగి వాళ్ళు చెప్పిన రెండు వాక్యాలను బోర్డు మీద పెట్టండి. ఆ రోజుకు చదివే పేరా అదే.

నోటి మాట రాతలోకి రావడానికి ప్రతి పిల్లకూ ఒక చిన్న పుస్తకం పెట్టించండి. పేజీకి రెండు గీతలు. పైగీత మీద ‘అంట’ వాక్యం, ఎలా అంటే అలా. కిందిగీత మీద అదే సంగతి బడి తెలుగులో, ఈసారి ‘అంట’ లేకుండా. పైగీతను దిద్దకండి. కిందిగీతలో ఒత్తులు, దీర్ఘాలు దిద్దండి. తేదీ వేయించడం మరిచిపోకండి.

మొదట చెప్పిన అమ్మాయి, వరండాలో ‘వల తెగిపోనాదంట’ అన్న పిల్ల, పుస్తకం నా దగ్గరుంది. జూలైలో పైగీత మీద ‘సేపల గురించంట’ అని ఉంది. కిందిగీత ఖాళీ. నవంబరులో ఉప్పు తయారీ పాఠానికి పైన ఇలా రాసింది: ‘సముద్రం నీళ్ళు మడిలో ఎట్టి ఎండబెడితే నీళ్ళెల్లిపోయి ఉప్పు మిగులుద్దంట.’ కింద కొట్టివేతల మధ్య ఉన్న వాక్యం: ‘సముద్రపు నీరు ఎండకు ఆవిరైతే ఉప్పు మిగులుతుంది.’ ‘ఆవిరైతే’ అన్న మాట నేను చెప్పలేదు. పాఠంలో వెతికి తెచ్చుకుంది.